తప్పు లేదని చెప్పిన వైద్యం

కొత్తగా డాక్టర్లయిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. మర్యాద కోసమో, నిజంగా తెలుసుకోవాలనో, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. పాము కాటు తిన్నవాణ్ణి బతికించిన కథలాంటిది వాళ్ళకు కావాలని నాకు తెలుసు. అలాంటివి రెండు మూడున్నాయి, చెబుతాను కూడా. వాళ్ళు వెళ్ళాక మాత్రం నాకు గుర్తొచ్చేది ఇంకొక మనిషి. అతనికి నయం చేశానో, ఇంకేదో చేశానో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. ఈసారి అదే రాస్తున్నాను. చదివి మీరు తేల్చగలిగితే సంతోషం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. జమ్మలమడుగుకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక చిన్న డిస్పెన్సరీకి నన్ను వేశారు. చుట్టూ నాపరాయి గనులు. ఊళ్ళో గోడలు, కప్పులు, అరుగులు అన్నీ ఆ నల్ల బండలే. నాకు ఇరవయ్యారేళ్ళు, కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణి. మొదటి నెలంతా నేను "ఎక్కడ నొప్పి?" అని అడగడం, రోగి మా కాంపౌండరు మొహం చూడటం, ఆయన "యాడ నొస్తాది?" అని తిరగేసి చెప్పడం, ఇదే వరస. పెద్ద చిన్న లేకుండా రోగులందరూ నన్ను "నువ్వు" అనేవాళ్ళు. మొదట ఉలిక్కిపడ్డాను. తర్వాత తర్వాత "మీరు" అన్నవాళ్ళను చూస్తేనే అనుమానం వచ్చేది.

కాంపౌండరు ప్రొద్దుటూరు సాయిబు. నా తండ్రి వయసు. కల్వంలో మందు నూరుతూ, బయట వరసలో ఉన్నవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో మొత్తం వినగలిగిన మనిషి.

ఇక నా చదువు సంగతి. మద్రాసులో మాకు మనోవ్యాధుల పాఠాలు కొన్ని వారాలే. అయితే యూరప్‌లో కొన్నేళ్ళుండి వచ్చిన ప్రొఫెసరు ఒకాయన, ఇష్టమున్న ఐదారుగురిని సాయంత్రాలు కూర్చోబెట్టుకుని, యుద్ధం తర్వాత అక్కడ కొందరు వైద్యులు పట్టిన కొత్త దారి గురించి చెప్పేవారు. అస్తిత్వ మానసిక చికిత్స అని ఇప్పుడు దానికి తెలుగులో పేరొచ్చింది. అప్పుడు మాకు పేరు కూడా సరిగ్గా తెలియదు. రోగిని చెడిపోయిన యంత్రంలా చూడొద్దనేవారు ఆయన. చావు భయం, ఒంటరితనం, ఏదో ఒక దారి ఎంచుకోక తప్పని బరువు, ఇవి జబ్బులు కావు, మనిషిగా పుట్టినందుకు వచ్చేవి. వాటిని మందుతో నిద్రపుచ్చకండి, వాటి ఎదుట నిలబడేవాడికి తోడుండండి అనేవారు. నేను శ్రద్ధగా రాసుకున్నాను. ఒకచోట ఇలా ఉంది: "తప్పు చేశానన్న బాధ ఒక్కోసారి రోగం, ఒక్కోసారి నిజం. నిజాన్ని రోగమనుకుని వైద్యం చేస్తే..." అక్కడితో నా రాత ఆగిపోయింది. ఆ సాయంత్రం ముందే లేచి వెళ్ళిపోయినట్టున్నాను.

ఆ మనిషి ఒక గురువారం వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ గని కూలీ. భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గట్టి ఎముక, దిట్టమైన భుజాలు, వాటి మీద చర్మం మాత్రం వదులైపోయి ఉంది.

"రెండు నెల్లాయ సారూ, సంగటి ముద్ద ముందర పెడితే దాన్నే చూస్తా కూచుంటాడు. గనికి పోడు. నిద్ర పోడు," అంది భార్య.

"ఏమిటి బాధ?" అన్నాను.

అతను చొక్కా పైకెత్తి రొమ్ము మధ్య అరచెయ్యి పెట్టాడు. "ఈడ బండ ఉంది సారూ."

విన్నాను, తట్టి చూశాను, రక్తపోటు చూశాను. ఏమీ లేదు. సంగతి కాంపౌండరు చెప్పాడు. రెండు నెలల కింద గనిలో పక్క గోడ బండ విరిగి పడి ఒకతను చచ్చిపోయాడు. అతనూ ఇతనూ పదేళ్ళుగా జోడీ. ఒకరు గడ్డపారతో బండ లేపితే ఇంకొకరు కింద రాయి దూర్చేవాళ్ళు. చుట్టరికం లేకపోయినా "మామా" అంటే "మామా" అనుకునేవాళ్ళు. ఆ రోజు ఇతను పదడుగుల దూరంలో ఉన్నాడు.

నాకు అంతా తెలిసిపోయినట్టనిపించింది. తోటివాడు పోయాడు, తను మిగిలాడు, మిగిలినందుకు కుమిలిపోతున్నాడు. భుజం మీద చెయ్యి వేసి, "చూడు, ఇందులో నీ తప్పేం లేదు" అన్నాను. తలూపాడు. నిద్రకు మిక్చరు రాసిచ్చాను. కాంపౌండరు వాళ్ళు తెచ్చిన సీసాలో పోసి, మోతాదు గుర్తులు కత్తిరించిన కాగితం అతికించాడు.

ప్రతి గురువారం రమ్మన్నాను. మందు రాయడంతో సరిపెట్టకుండా నా నోట్సు బయటికి తీశాను. వరస అంతా అయిపోయాక అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి అరగంట మాట్లాడేవాణ్ణి. గుర్తు చేసుకుంటే ఇప్పుడు చెమట పడుతుంది. ఆ అరగంటలో పాతిక నిమిషాలు నేనే మాట్లాడేవాణ్ణి. బతుక్కి అర్థం ఎవరో రాసి ఇవ్వరనీ, మనమే వెతుక్కోవాలనీ, అతను మిగిలినందుకు ఏదో ఒక పని అతని కోసం ఎదురుచూస్తుంటుందనీ చెప్పేవాణ్ణి. మూడో గురువారం అతను నా వైపు జాలిగా చూసి, "సారూ, నీకు పెండ్లయిందా?" అని అడిగాడు.

"లేదు."

"అదే అనుకుంటి. ఒక్కనివే ఉంటే ఇట్లాంటివి మనసుకొస్తాంటాయి."

పక్క గదిలో కాంపౌండరు దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

అయినా మానలేదు. ప్రతిసారీ చివర్లో "నీ తప్పేం లేదు" అని గట్టిగా చెప్పేవాణ్ణి. అతను ప్రతిసారీ తలూపేవాడు. తూకం మాత్రం తగ్గుతూ వచ్చింది. ఒకరోజు భార్య ఒక్కతే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "సారూ, నీ కాడికి వచ్చినప్పటి నుంచి ఏమడిగినా ఊ అంటాడు. తింటావా అంటే ఊ. తిన్యా అంటే ఊ. ముందర కసురుకునేవాడు, అదే నయం," అంది.

ప్రొద్దుటూరులో చాలా కాలంగా ప్రాక్టీసు చేస్తున్న పెద్ద డాక్టరు దగ్గరికి బస్సెక్కి వెళ్ళాను. ఆయన ఓపికగా విన్నాడు. "మిక్చరు రెండింతలు చెయ్యి. పనిలో పడితే సర్దుకుంటాడు. నువ్వు మాట్లాడటం తగ్గించు," అన్నాడు. మూడింట్లో చివరిది సరైన సలహా అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అవమానంగా అనిపించింది.

తిరిగొచ్చి కాంపౌండరుతో, "సాయిబుగారూ, ఎన్నిసార్లు చెప్పినా అతనికి ఎక్కడం లేదు" అన్నాను.

ఆయన సీసాలు కడుగుతున్నాడు. తలెత్తకుండా అన్నాడు: "తప్పు లేదని శానా తూర్లు చెప్తిరి గదా సార్. ఆ మాట పడీ పడీ చెప్తాంటే, వినేటోనికి ఏమనిపిస్తాది? ఏదో ఉందనే గదా. ఒక్కతూరి గూడా 'ఏం జరిగిందప్పా' అని మీరు అడగలే."

నిజమే. ఏం జరిగిందో నాకు కాంపౌండరు చెప్పాడు. అతన్ని నేను అడగలేదు.

తర్వాతి గురువారం అతను ఒక్కడే వచ్చాడు. కూర్చోలేదు. మిక్చరు సీసా నా బల్ల మీద పెట్టాడు. నేను రాసిచ్చినప్పుడు ఎంతుందో అంతే ఉంది.

"ఇది నాకొద్దు. నా తప్పు నాకియ్యి సారూ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏమిటి?"

"నువ్వు తప్పు లేదంటావు. నా పెండ్లాం లేదంటాది. ఊరంతా లేదంటాది. అందరూ గలిసి నా తప్పు గుంజుకుంటిరి. అది నాది. నాకిచ్చెయ్యండి."

ఈసారి నోరు మూసుకుని కుర్చీ చూపించాను. "ఏం జరిగింది?" అన్నాను. అంతే.

చెప్పాడు. ఆ ప్రమాదానికి ముందు నాలుగు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకచోట పైబండ వాలుగా ఉంటే దాని కిందికి పోవడానికి ఇతను వెనకాడాడట. జోడీ పదిమంది ముందర "పిరికోడు" అన్నాడట. అందరూ నవ్వారట. ఆ రోజు నుంచి పని కలిసే చేశారు, మాట మాత్రం లేదు.

"ఆ పొద్దు గనిలో దిగుతానే చూసినా సారూ. పక్క బండ పైనుంచి కిందికి చీలింది. వెంట్రుక మందం. చెప్దామనుకుంటి. చెప్తే మళ్ళా పిరికోడంటాడు. వానికీ కండ్లుండాయి గదా, చూసుకోనీ అనుకుంటి." అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నాడు. "వాడు దాని కిందికి పోతాంటే చూస్తా ఉంటి. గడ్డపార నా చేతిలోనే ఉంది. ఒక్క మాట. 'మామా, ఆగు.' అంతే గదా."

పక్క గదిలో కల్వం చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్పు సారూ. నా తప్పుందా, ల్యా?"

లేదనాలని నోటిదాకా వచ్చింది. అలవాటైపోయిన మాట. పైగా ఆ కళ్ళలోకి చూస్తూ "ఉంది" అనడం ఎవరికి చేతనవుతుంది? ప్రొఫెసరుగారి సగం వాక్యం ఒకటి, కాంపౌండరు మాట ఒకటి, రెండూ తలలో కొట్టుకున్నాయి. ఏది శాస్త్రమో ఏది దుడుకుతనమో తెలియకుండానే అన్నాను.

"ఉంది."

అతను నన్ను కొట్టినా ఆశ్చర్యపోయేవాణ్ణి కాను. కొట్టలేదు. మోకాళ్ళ మీదికి వంగి ఏడ్చాడు. ఆడవాళ్ళు శవం దగ్గర ఏడ్చినట్టు, రాగం తీసి ఏడ్చాడు. బయట మిగిలి ఉన్న ఒకరిద్దరిని కాంపౌండరు ఏదో చెప్పి పంపించేశాడు. చాలాసేపటికి అతను పొడుగ్గా ఊపిరి తీసుకున్నాడు. అన్ని వారాల్లో అతను అంత లోతుగా ఊపిరి పీల్చడం నేను చూసింది అదే మొదటిసారి.

"ఇప్పుడేం జేయాల?" అన్నాడు.

"అది నువ్వే నిర్ణయించుకోవాలి," అన్నాను. నోట్సులో ఉన్న మాటే. ఈసారి అది చక్కగా కుదిరిందని లోపల ఒక చిన్న గర్వం.

అతను మొహం తుడుచుకున్నాడు. "ఆయమ్మకు చెప్పాల. వాని పెండ్లానికి."

"వెళ్ళు," అన్నాను.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. వెళ్ళమనే ముందు ఆమె ఎవరు, ఎలా ఉంది, ఈ మాట వింటే ఏమవుతుంది అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకు కనిపిస్తున్నది నా రోగి ఒక్కడే. ఆమె ఎవరి రోగీ కాదు.

అతను ఆ మధ్యాహ్నమే వెళ్ళి చెప్పాడు. ఆమె లోపలికి పోయి తలుపేసుకుందట. పొద్దుగూకే వేళకు అతను ఇంటికొచ్చి రెండు ముద్దలు సంగటి, ఊరిబిండి పచ్చడి వేసుకుని తిన్నాడని మర్నాడు భార్య పరుగున వచ్చి చెప్పింది. పదిహేను రోజుల్లో గనికి పోయాడు. భార్య ఒక గంపెడు చెనిక్కాయలు, అదే వేరుశనగకాయలు తెచ్చి మా వరండాలో పోసింది. నేను ప్రొఫెసరుగారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అందులో "నయం చేశాను" అన్న మాట మూడుచోట్ల వాడాను.

ఆ చెనిక్కాయలు ఇంకా అయిపోకముందే చనిపోయినతని భార్య వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వరసలో నిలబడలేదు, సరాసరి లోపలికి వచ్చింది.

"ఆయన్న చేత నాకు చెప్పమనింది నువ్వేనా?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నా మొగున్ని దేవుడు తీసకపాయ అనుకోని ఉంటి. దేవుని మింద కోపం ఎన్ని దినాలుంటాది? పిండి విసురుకుంటా, గొర్రెలు తోలుకుంటా ఎట్లో తెల్లార్తాండ్య. ఇప్పుడు దేవుడు గాదు, మనిషి. ఆ మనిషి దినామూ నా ఇంటి ముందర గడ్డపార ఎత్తుకోని పోతాండాడు. నిన్న పాట పాడుకుంటా పాయ. వాని రొమ్ము మింద బండ తీసి నా రొమ్ము మింద పెడ్తివి గదా సారూ. నన్నడిగితివా?"

నా చెయ్యి దానంతటది మందు చీటీ వైపు వెళ్ళింది. "నిద్ర పడుతోందా అమ్మా?" అన్నాను.

ఆమె ఆ చీటీ వైపు, నా మొహం వైపు చూసింది. "మందిస్తావా?" అని వెళ్ళిపోయింది.

రెండు రోజులకు ప్రొఫెసరుగారి జవాబు వచ్చింది. నా నాలుగు పేజీలకు ఒక కార్డు. "సంతోషం. ఆ స్త్రీని నీవు చూశావా?" అంతే.

ఆ తర్వాత నెలరోజులు నేను ఎవరినీ కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించలేదు. దగ్గుకు దగ్గుమందు, గజ్జికి మలాము. ఉందనడం తప్పా? లేదంటూ అతన్ని అలాగే ఎండిపోనివ్వాల్సిందా? పోనీ, ఉందని చెప్పి, ఆమె దగ్గరికి పోవద్దనాల్సిందా? అది అతని తప్పును మళ్ళీ గుంజుకోవడం కాదా? కాంపౌండరును అడిగితే, "నేను మందులు కలిపేటోన్ని సార్" అన్నాడు. అవసరమైనప్పుడు ఆయన అలా తప్పుకోగలడు.

ఒక పొద్దున ఆమె మళ్ళీ వచ్చింది. "ఆయన్నను పిలిపీ. ఒక మాట అడగాల. నీ ముందరే అడుగుతా," అంది. నాకు భయం వేసింది. కాంపౌండరు నన్ను అడక్కుండానే చొక్కా వేసుకుని గనికి పోయి అతన్ని తీసుకొచ్చాడు. బట్టల నిండా రాతి దుమ్ముతో వచ్చి, ఆమెను చూసి మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

"అన్నా, ఆ చీలిక నువ్వు చూసినావు సరే. నా మొగుడు, ఆయప్ప చూసినాడా?"

"తెల్దమ్మా. చూసింటే పోతాడా?"

"చూసినాడు."

అతను తలెత్తాడు.

"ముందు దినం మాపున తింటా తింటా నాతో చెప్ప్య. 'పక్క బండ చీలింది. రేపు వాడు ముందర మాట్లాడితే ఇద్దరమూ అవతల పక్క పని జేస్తాం. నేనైతే మాట్లాడ. వాన్ని పిరికోడన్నోన్ని నేనే పక్కకు పోతే నలుగురూ నగరా?' అన్య. అప్పుడు నేను..." ఆమె చెంగు మడిచి మళ్ళీ విప్పింది. "నేను నగితి అన్నా. పొట్టేళ్ళ మాదిరి ఉండారే ఇద్దరూ అని నగితి. పొద్దున సద్ది కట్టి పంపిస్తి. పోవద్దని అన్లే."

వరండాలో ఎండ వాలుతోంది. దేవుడు తీసుకుపోయాడని ఆమె ఎందుకు అంత గట్టిగా పట్టుకుందో నాకు అప్పుడు తెలిసింది. అతను వెళ్ళి తన మాట చెప్పడంతో ఆ పట్టు జారిపోయింది.

అతను మెల్లగా అడిగాడు. "అట్లయితే... నాది సగమేనా?"

ఆ గొంతులో ఆశ ఉంది. నాక్కూడా ఆశ కలిగింది. అందరికీ కొంచెం కొంచెం పంచితే ఎవరికీ బరువుండదు కదా అనిపించింది.

"సగం గాదు," అంది ఆమె. "ఇదేమన్నా రొట్టెనా తుంచుకునేకి? నీది నీదే. ఆయప్పది ఆయప్పదే. నాది నాది."

అతను తలూపాడు. అది నాకు తెలిసిన ఆ పాత తలూపడం కాదు. ఆమె మెట్లు దిగింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "దావన పాట పాడాకు అన్నా. వినబుద్ధి గాదు," అంది.

"పాడనమ్మా," అన్నాడు.

ప్రొఫెసరుగారికి దీన్ని రాయబోయి నాలుగుసార్లు కాగితం చింపేశాను. నాకు తెలియకుండా వాళ్ళిద్దరూ ఒకరికొకరు వైద్యం చేసుకున్నారా? లేక ఉన్న పుండు ఇంకాస్త లోతుగా కోసుకున్నారా? అతను తింటున్నాడు, పని చేస్తున్నాడు. కాని ఆ ఏడాది చివరికి గని వదిలేసి కొండాపురం వైపు ఎద్దుల బండి తోలుకోవడానికి పోయాడు. ఆమె పులివెందుల దగ్గర అన్న ఊరికి గొర్రెలతో సహా వెళ్ళిపోయింది. బాగయి వెళ్ళారో, బాగుకాక వెళ్ళారో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు.

ఏడెనిమిదేళ్ళకు నన్ను పులివెందులకు బదిలీ చేశారు. ఒక వేసవిలో, మలేరియా జ్వరంతో వచ్చినవాళ్ళ వరసలో ఆమె కనిపించింది. తలలో అక్కడక్కడా తెలుపు. నన్ను గుర్తుపట్టింది. నాలుక చూశాను, ప్లీహం చూశాను, మాత్రలు రాశాను. వరసలో నిలబడి వచ్చిన మామూలు రోగిలాగే అన్నీ అడిగించుకుంది. చీటీ తీసుకుని లేచి, మళ్ళీ కూర్చుంది.

"సారూ, ఆ పొద్దు ఆయన్న అడిగినప్పుడు నువ్వు 'ఉంది' అనకుండా ఉంటే ఏమయ్యేది?"

అప్పటికి నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, రోగుల ముందు తడుముకోకుండా మాట్లాడే అనుభవం వచ్చింది. రెండు మూడు మంచి జవాబులు నోటికి వచ్చాయి కూడా. ఆమె చూపు కింద అవేవీ బయటికి రాలేదు.

"తెల్దమ్మా," అన్నాను. వాళ్ళ మాటే నా నోట్లోంచి వచ్చింది.

ఆమె కోపంగా ఏమీ చూడలేదు. ఇంటిపనిలో ఒక చిక్కు గురించి మాట్లాడుతున్నట్టు, తాపీగా అంది.

"ఆ మాట ఆ పొద్దే ఆయన్నతో చెప్పింటే సరిపోతాండ్య గదా సారూ. తెల్దు, ఇద్దరం కూచోని చూద్దామని."

మాత్రల పొట్లం చెంగున కట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాతి రోగి వచ్చి కూర్చున్నాడు. మందు చీటీ పక్కన పెట్టి, ఏమిటి బాధ అని అడిగాను.